సర్పగంధ నుంచి మెదడులో తీగ దాకా

మా జంషెడ్‌పూర్‌లో బస్సెక్కితే రాంచీ, దాని పక్కనే కాంకే. 1918లో యూరోపియన్ల కోసం పెట్టిన పిచ్చాసుపత్రే అక్కడి నేటి కేంద్రీయ మనోచికిత్సా సంస్థ. బిహార్‌లో 'పాగల్ కీ దవా' అని అమ్మిన సర్పగంధ వేరు గురించి 1931లో కలకత్తా వైద్యులు సేన్, బోస్ రాశారు. 1952లో స్విస్ శాస్త్రజ్ఞులు అందులోంచి రిసర్పిన్ తీశారు. అదే ఏడాది పారిస్‌లో మానసిక రోగులకు క్లోర్‌ప్రొమజైన్ ఇచ్చారు.

రోగులు నెమ్మదించారు, కానీ కొందరికి ఒళ్లు బిగుసుకుపోయింది. 1957లో కార్ల్‌సన్ రిసర్పిన్‌తో కదలిక పోయిన జంతువులను ఎల్-డోపాతో లేపాక, డోపమైన్ పాత్ర తెలిసింది. క్లోర్‌ప్రొమజైన్ వంటి మందులు ఏళ్ల తరబడి వాడిన కొందరిలో, మానేశాక కూడా నాలుక, దవడ వాటంతటవే కదులుతుంటాయి. దీన్నే టార్డివ్ డిస్కినీసియా అంటారు.

1987లో గ్రెనోబుల్‌లో బెనాబిడ్ బృందం వణుకును మెదడు లోతుల్లో అధిక ఫ్రీక్వెన్సీ కరెంటుతో ఆపింది. ఇంజినీరింగ్ చదివిన నాకిది పేస్‌మేకర్‌లాగే కనిపిస్తుంది: ఛాతీలో బ్యాటరీ, మెదడులోకి తీగ. 2007లో ఫ్రెంచి వైద్యులు టార్డివ్ డిస్కినీసియా ఉన్న 10 మందికి గ్లోబస్ పాలిడస్‌లో ఇది అమర్చి, మెరుగుదల చూశారు.

మెయిన్స్‌లో రాయాల్సింది ఇక్కడుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 96వ సెక్షన్ ప్రకారం, మానసిక వ్యాధికి మెదడు శస్త్రచికిత్స చేయాలంటే రోగి సమ్మతితోపాటు బోర్డు అనుమతీ కావాలి. ఇదేమో మందు తెచ్చిన కదలికలకు చేసేది. రోగి మాత్రం అదే మనిషి.