జీరంగి చరిత్ర

తొలకరి వానలకు తుమ్మ, రేగు పొదలు చిగిర్చినప్పుడు పల్లె పిల్లలు జీరంగుల కొరకు వెదకుదురు. మిలమిల మెరయు ఈ పెంకుపురుగును అగ్గిపెట్టెలో ఉంచి, లేత ఆకులు వేసి పెంచుట వారికి వేడుక. ఖమ్మము నుండి భద్రాచలము పోవు దారిలో పొలములును అడవియు కలియు అంచున ఇట్టి పొదలు విస్తారముగా నున్నవి. కాని చలికాలము వచ్చుసరికి జీరంగి కంటికి కనిపించదు. అది ఏమైనది? సమాధానమునకు ముందు దాని చరిత్ర కొంత తెలిసికొనవలెను.

జీరంగులలో పలు జాతులు కలవు. ఒంటి నిండ పచ్చగా నుండి, రెక్కలపై చిన్న చిన్న గుంటలు గల జాతికి 1758లో లిన్నేయస్ నామకరణము చేసెను. రొమ్ము పచ్చగాను, రెక్కలు గోధుమవన్నెగాను ఉండు మరియొక జాతిని 1775లో ఆయన శిష్యుడు ఫాబ్రీసియస్ వర్ణించెను. రొమ్ము క్రింద కొమ్ము వంటి మొన యుండుటచే 1829లో ఎష్‌షోల్జ్ ఈ పురుగుల ప్రజాతికి 'స్టెర్నోసెరా' అను పేరిడెను.

దక్షిణ భారతము నుండి ఫాబ్రీసియస్‌కు కీటకములను పంపినవారిలో కోనిగ్ ముఖ్యుడు. ఇతడును లిన్నేయస్ శిష్యుడే. తరంగంబాడిలో వైద్యుడుగా చేరి, తరువాత ఆర్కాటు నవాబు కొలువునను, కంపెనీ కొలువునను ప్రకృతి పరిశోధన సాగించెను. 1785 జూన్ నెలలో కాకినాడ చెంత జగన్నాథపురమున మరణించెను. అంత్యకాలమున సామర్లకోట నుండి రాక్స్‌బర్గ్ వచ్చి వైద్యము చేసెను. మన పురుగులకు పేర్లు పెట్టినది ఐరోపాలోనైనను, వాటిని ఏరినవారు ఈ నేలపైననే శ్రమించి, ఈ నేలలోనే కలిసిపోయిరి.

19వ శతాబ్దమున జీరంగి రెక్కలకు గిరాకి హెచ్చెను. మద్రాసు, హైదరాబాదు వంటి పట్టణములలో వాటిని మస్లిను గుడ్డపై జరీతో కుట్టి ఐరోపా స్త్రీలకు అమ్మెడివారు. 1888లో లండనులో ఎలెన్ టెర్రీ అను నటి లేడీ మాక్బెత్ పాత్రకు ధరించిన దుస్తులపై సుమారు వేయి రెక్కలు ఉండెను. జపానులోని హోర్యూజీ ఆలయమున 7వ శతాబ్దపు మందిరమొకటి కలదు. దానిని ఇదే కుటుంబపు మరియొక పురుగు రెక్కలతో అలంకరించిరి. మిగిలిన రెక్కలు నేటికిని మెరయుచున్నవి.

ఇన్నేండ్లయినను ఆ మెరుపు వెలియకుండుటకు కారణమేమి? అది అద్దకపు రంగు కాదు. రెక్క పైభాగమున అతి పలుచని పొరలు ఒకదానిపై నొకటి పేర్చబడి యున్నవి. వాటినుండి మరలిన కాంతి తరంగములు కలిసికొనినప్పుడు కొన్ని రంగులు బలపడును, కొన్ని అణగిపోవును. సబ్బుబుడగపై రంగులు కనిపించుటకు కారణమును ఇట్టిదే. పొరలు చెడనంతవరకు రంగు చెడదు.

ఇక మొదటి ప్రశ్న. రెక్కల జీరంగి బ్రదుకు కొన్ని వారములే. ఆడపురుగు మట్టిలో గ్రుడ్లు పెట్టి చనిపోవును. గ్రుడ్డు నుండి వచ్చిన డింభకము నేలలోననే ఉండి, పొదల వేళ్ళను తినుచు పెరుగును. కావున చలికాలములో జీరంగి లేకపోలేదు. మన కాళ్ళ క్రిందనే యున్నది. పొదను వేళ్ళతో పెకలించి నేల చదును చేసినచో, రాబోవు వానకాలపు జీరంగులు కూడ ఆ వేళ్ళతోనే పోవును.

రెక్కను లోకమంతయు చూచినది. మట్టిలోని జీవితమును చూచినవారు తక్కువ. ఏటేట మొదటి జీరంగి ఏ తేదీన, ఏ పొదపై కనిపించినదో పాఠశాలలలో వ్రాసి యుంచుట కష్టమైన పని కాదు. పదేండ్లు అట్లు వ్రాసినచో, ఆ ఊరి జీరంగులు పెరుగుచున్నవో తరుగుచున్నవో ఆ పుస్తకమే చెప్పును.