చార్మినారు వీథుల ఛాయాచిత్రములు: కాలనిర్ణయ విచారము

విజయనగర మండలమునందలి కొత్తవలస రైలుకూడలి యని యందఱెఱిఁగినదే. అరకులోయ మీఁదుగాఁ గిరండూలునకుఁ బోవు మార్గ మచ్చటనే చీలును. శ్రీకాకుళ మండలమున ఆమదాలవలస కలదు. 'వలస' శబ్దము తుదియందుఁ గల గ్రామనామములు కళింగాంధ్రమునఁ బెక్కులు. జనులు వేఱొకచోటినుండి వచ్చి నిలిచిన తావని యా శబ్దము తెలుపును. కాని 'కొత్త' యను విశేషణ మేమి తెలుపును? ఏనాఁటికిఁ గొత్త? ఊరు వెలసిన దినమునఁ గొత్తయైనది నేఁటికిని గొత్తగనే పిలువఁబడుచున్నది. పేరు పెట్టినవారికిఁ గాలముతోఁ బనిలేదు. చరిత్ర వ్రాయువానికిఁ గాలముతోడిదే పని.

ఈ చిక్కే ఛాయాచిత్రములకును గలదు. కొత్తవలసలో రైలెక్కి భాగ్యనగరముఁ జూడఁబోవు యాత్రికుఁడు చార్మినారు చుట్టును దిరిగి, లాడుబజారున గాజులు కొని, చేతనున్న ఫోనుతో నూఱు చిత్రములు తీసికొని మరలును. చిత్రము తీసిన దినము యంత్రములో నమోదగునుగాని యది యొకరినుండి యొకరికిఁ జేరునప్పుడు తఱచుగా నా గుఱుతు జాఱిపోవును. తుదకు మిగులునది చిత్రము మాత్రమే. అది యెప్పుడును 'ఇప్పు' డనియే పలుకును.

అమరసింహుఁడు ఛాయాశబ్దమునకు నాలు గర్థములు చెప్పెను: సూర్యుని భార్య, కాంతి, ప్రతిబింబము, ఎండ లేమి. వెలుఁగుతో వ్రాసిన వ్రాఁత యనునది గ్రీకు మూలమునకు యోగార్థము. తెలుఁగువారు ఛాయాచిత్రమనుట యంతకంటె సమంజసము. కాంతియుఁ బ్రతిబింబమును నీడయు నీ విద్యలో మూఁడును గలవు. సూర్యుని భార్యకును నిచ్చటఁ దావు లేకపోలేదు. సంజ్ఞాదేవి భర్త వేఁడిమికి నోర్వలేక తన నీడను దన స్థానమున నిలిపి పుట్టినింటికిఁ బోయెననియు, సూర్యుఁడు కొంతకాలము ఛాయనే సంజ్ఞగా భ్రమించెననియుఁ బురాణకథ. వైయాకరణులకు సంజ్ఞ యనఁగాఁ బేరు. పేరును గాలమును లేని చిత్రముఁ జూచి వస్తువునుగూర్చి నిర్ణయించువారికిఁ గలుగు భ్రాంతియు నట్టిదే.

మహమ్మదు కులీ కుతుబుషా 1591లో చార్మినారుఁ గట్టించి, నాలుగు రాజమార్గములు దానియొద్దఁ గలియునట్లు నగరము నేర్పఱచెను. పదునేడవ శతాబ్దమున వచ్చిన విదేశీయులు మాటలతోడనే చిత్రించిరి. తావెర్నియే యను ఫరాసు రత్నవర్తకుఁడు మూసీనదిమీఁది పాతవంతెనను బారిసు నగరపుఁ బ్రసిద్ధసేతువుతోఁ బోల్చెను. అట్టి వ్రాఁతలలో లోపము లుండవచ్చును గాని వ్రాసినవాఁ డెవఁడో, యెప్పుడు వచ్చినవాఁడో మనకుఁ దెలియును.

చార్మినారునుండి పడమటికిఁ బోవు వీథి లాడుబజారు. దీని పేరునుగూర్చి రెండు మతములు గలవు. లక్కగాజు లమ్ముటచే లాక్షాశబ్దమునుండి వచ్చెనని యొకటి. ముద్దుమురిపెముల నర్థమిచ్చు 'లాడ్' అను హిందుస్థానీ శబ్దమునుండి వచ్చెనని వేఱొకటి. మొదటి మతము వస్తువునకు సరిపడునుగాని శబ్దమునకు సరిపడదు. లాక్షాశబ్దము ప్రాకృతమున లక్ఖా యై, హిందీయందు లాఖ్ అయి, తెలుఁగున లక్క యైనది. ఖకారము డకారమగుటకుఁ దార్కాణము గానరాదు. లాడ్ అనునదియో, విలాసార్థకమగు లడధాతువునకుఁ జుట్టము. డకార లకారముల కభేదము చెప్పుదురు గావున లాలన శబ్దమును దానికి దూరముకాదు. పెండ్లికూఁతు నలంకరించు వస్తువు లమ్ము వీథికి లాలనముతోఁ గూడిన పే రుండుట యుచితమే. శబ్దము నిలిచినచోట వస్తువు నిలువకపోవుటయుఁ గలదుగాని యిచ్చట రెండును నిలిచినవి. బొగ్గుల కుంపటిపై లక్కను మెత్తపఱచి, చుట్టి, వలయముగా వంచి, వేఁడి చల్లాఱకమున్నె గాజుతునుకలు నద్దుట నేఁటికిని జూడవచ్చును. ఏటికొప్పాక కొయ్యబొమ్మలకు నిగ్గు తెచ్చునదియు నీ లక్కయే. హైదరాబాదు లక్కగాజులకు 2024లో భౌగోళిక సూచిక లభించినది.

ఇట్టి సందడివీథిని దొలినాఁటి యంత్రము పట్టుకొనఁజాలకపోయెను. పారిసు నగరమున దగేరు 1838లో నొక పెద్దవీథిని మేడమీఁదినుండి చిత్రించెను. కాంతి ఫలకముపై నిలుచుటకుఁ గొన్ని నిమిషములు పట్టెను. బండ్లును బాటసారులును గదలుచుండుటచే నొక్కరును జిత్రమునఁ బడలేదు. పాదరక్షలు మెఱుఁగు పెట్టించుకొనుచుఁ గదలక నిలిచిన యొక్క పురుషుఁడు మాత్రము కానవచ్చును. వీథి నిర్జనమని యా చిత్రము చెప్పుచున్నది, అది యసత్యము. 1851లో వచ్చిన తడిఫలకముల పద్ధతిచేఁ గాలము కొన్ని క్షణములకుఁ దగ్గెనుగాని ఫలకమును దడియాఱకమున్నె చీఁకటిగుడారమునఁ గడుగవలసియుండెను. కావున నానాఁటి బజారు చిత్రములందు ఱాయి స్పష్టము, మనుష్యుఁడు మంచుతెఱ. స్పష్టముగాఁ గానవచ్చువారు చిత్రకారుని యాజ్ఞచే నిలిచినవారు కావచ్చును. పొడిఫలకములు వ్యాప్తికి వచ్చిన 1880 ప్రాంతమునఁ గాని నడచు మనుష్యుఁడు నడచునట్లు చిత్రమునకుఁ జిక్కలేదు.

హైదరాబాదు చిత్రకారులలో నగ్రగణ్యుఁడు లాలా దీనదయాళు. అతఁడు 1844లో మీరటు సమీపమునందలి సర్ధానాలోఁ బుట్టెను; రూర్కీ కళాశాలలో నింజనీరువిద్య నేర్చి యిందూరులోఁ గొలువు చేసెను; పిమ్మటఁ గొలువు వదలి, ఛాయాగ్రహణమునే వృత్తిగాఁ గొని సికిందరాబాదునఁ జిత్రశాల పెట్టెను. ఆఱవ నిజాము మహబూబు అలీఖాను అతనికి 'రాజా బహద్దరు ముసవ్విరు జంగు' అను బిరుద మిచ్చెను. 1905లో నతఁడు మరణించెను. ఇతని గాజుఫలకములు 2857 ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున 1989నుండి భద్రపఱుపఁబడియున్నవి. పనివాఁడగు నింజనీరు గావున నతఁడు పెక్కు ఫలకములపై సంఖ్యయు నామమును గీసెను. మన కుపకరించునది యీ గీఁతయే. చిత్రమందలి సౌందర్యమును బొగడువారు వేవురు. ఆ చిన్న యంకెను జదువువారు కొలఁదిమంది.

ఒక విశేషము. ఇతఁడు 1892లో హైదరాబాదునందు ఘోషాస్త్రీలకొఱకు వేఱుగ నొక చిత్రశాల నేర్పఱచి యొక యాంగ్లవనితను నియమించెను. గాజుల బజారు కాధారమైన స్త్రీలలో నెందఱో వీథి చిత్రములఁ గానరాకపోవుట కాచారము కారణమని దీనిచే నూహింపఁదగును. బజారు చిత్రమున స్త్రీ లేమి బజారున స్త్రీల ప్రమేయము లేమికి సాక్ష్యము కానేరదు.

ఇఁక నామరహితములగు ప్రతులకుఁ గాలము నిర్ణయించు విధము. చార్మినారు నాలుగు ముఖములందును గడియారములు 1889లో నమర్పఁబడినవి. కావున నే వీథినుండి తీసిన చిత్రమైనను, గడియారము కానవచ్చిన 1889కిఁ బూర్వమైనది కాదు. గడియారపుఁదావు విశదముగాఁ గనఁబడియు గడియారము లేకున్నఁ దరువాతిది కాదు. ఒకటి పూర్వావధి, రెండవది యుత్తరావధి. మసక ప్రతులయందు రెండవదానిని నమ్మరాదు. కానరాకుండుట వేఱు, లేకుండుట వేఱు. లాడుబజారు పడమటి కొసకుఁ జేరువనున్న మహబూబు చౌకు గడియారస్తంభమును అస్మాన్‌జాహి 1892లోఁ గట్టించెను; పడమటి దిక్కు చిత్రములకు దానితో నింకొక యవధి దొరకును.

అన్నిటికంటె నెక్కుడు పొరపాటునకుఁ జోటైనది పత్తర్‌గట్టి. చార్మినారున కుత్తరమున, వరుసగా నొకే తీరు కమానులతో, ఱాతి ముఖములతో నొప్పు నా యంగళ్లను జూచిన యాత్రికుఁడు కుతుబుషాహీల కట్టడమనియే తలఁచి చిత్రము క్రింద నట్లే వ్రాయును. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలఁది జనులను బొట్టఁబెట్టుకొనెను. తరువాత 1912లో నగరాభివృద్ధి సంస్థ యేర్పడి యిఱుకువాడలను దీసివేసి వీథుల వెడల్పు చేయించెను. ఇప్పటి పత్తర్‌గట్టి దానికృతి. అనఁగా దీనదయాళుఁడు మరణించునాఁటికి నా కమానుల వరుస లేదు! అట్టి వరుసతోడి చిత్రమున కతని పేరు తగిలించువారు పరలోకమునుండి యతనిని బిలిపింపవలెను. ఆ సంస్థ తొలఁగించిన పాతవీథి యెట్లుండెనో తెలిసికొనుటకు 1908కిఁ బూర్వపుఁ జిత్రములే శరణ్యములు. వానిలోఁ గాల మెఱిఁగినవి సాక్షులు, ఎఱుఁగనివి పటములు.

పాఠశాలలందలి పండితులు విద్యార్థులను భాగ్యనగర యాత్రకుఁ గొనిపోవుట కలదు. తిరిగివచ్చినపిదపఁ బ్రతిచిత్రమున కడుగున మూఁడు సంగతులు వ్రాయించుట కష్టముకాదు: నిలిచిన తావు, చూచిన దిక్కు, తేది. లాడుబజారున నొక యంగడి ముందు నిలిచి తీసినదైన, 'చార్మినారునకుఁ బడమర, లాడుబజారు ఉత్తరపు వరుస, లక్క మెత్తపఱచు కుంపటి, ఉదయము' అని వ్రాసినఁ జాలును. కుంపటియొద్దఁ గూర్చున్న పనివాని పేరు నతని యనుమతితో వ్రాసికొనుట మఱియు మంచిది. పారిసు వీథిలోఁ బాదరక్షలు మెఱుఁగు పెట్టించుకొనిన పురుషుని పేరు నేఁటికినిఁ దెలియరాలేదు.