బొబ్బల చేతులు

1878 జూన్ ఆఖరు. ఒంగోలుకి ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున వెలంపల్లి. చింతతోపులోకి జనం వస్తూనే ఉన్నారు. డొక్కలు ఎండినవాళ్లు. చంకన పిల్లలు, నెత్తిన మూటలు. మిషనరీ క్లౌ దొర గుండె దడదడలాడింది. ఆయన రమ్మని కబురు పెట్టింది పాత విశ్వాసులకి మాత్రమే. మరి ఈ వేలమంది ఎందుకొచ్చినట్టు?

బాప్తిస్మం కోసమట.

ఆయన అడ్డంగా తల ఊపాడు. ఇళ్లకి వెళ్లిపొమ్మన్నాడు. ఒక్కరూ కదల్లేదు.

దొర భయం దొరది. రెండేళ్లుగా ధాత కరువు. 1876లో వానలు ముఖం చాటేశాయి. మరుసటేడూ అంతే. గొడ్లు పోయాయి, వాటి తోలు మీద బతికే మాదిగపల్లెల పొయ్యిలు ఆరిపోయాయి, వెనకే కలరా వచ్చింది. అప్పుడే సర్కారు కరువు పనిగా బకింగ్‌హాం కాలువని పొడిగించే పని చేపట్టింది. మిషనరీ కాకముందు అమెరికాలో భూములు కొలిచే సర్వేయరుగా చేసిన జాన్ ఎవరెట్ క్లౌ అందులో మూడున్నర మైళ్ల పని గుత్తకి తీసుకుని, తన తెలుగు బోధకుల్నే మేస్త్రీలుగా నిలబెట్టి, ఏ ఊళ్లోనూ కూలి దొరకని మాదిగలకి పలుగు, పార, తట్ట ఇచ్చి, కూలి డబ్బులు దారిలో ఎవడూ మింగెయ్యకుండా వాళ్ల చేతికే అందేలా చూశాడు. ఎండ మాడ్చేసేది. మన్ను మోసి మోసి చతికిలబడ్డ వాళ్ల పక్కనే బోధకుడూ మట్టిలో కూర్చునేవాడు. బరువులు మోసి అలసిపోయిన వాళ్లనే ఏసు రమ్మన్నాడని చెప్పేవాడు. వాళ్ల పక్కన కూర్చోవడమా! అంటరానివాళ్లంటూ ఊరు దూరం పెట్టిన మనుషులకి ఆ చెప్పే మాట కంటే ఆ కూర్చోవడమే ముందు అర్థమై ఉంటుంది.

కాలువ గట్టు మీదే అడిగారు, మమ్మల్ని కలుపుకోమని. దొర ఇప్పుడు కాదన్నాడు. అన్నం పెట్టే చేత్తో బాప్తిస్మం ఇస్తే అది బేరం అవుతుంది. పదిహేను నెలలు ఒక్కరినీ కలుపుకోలేదు. ఈలోగా ఎంతమంది ఆ కోరికతోనే కన్నుమూశారో లెక్క లేదు.

ఇప్పుడు కాలువ పని అయిపోయింది. పంచడానికి ఏమీ లేదు. అయినా వీళ్లు వచ్చి కూర్చున్నారు.

దొర మళ్లీ చెప్పి చూశాడు. ఇక సాయం అందదని తెగేసి చెప్పాడు. వాళ్లు అరచేతులు చాపారు. బొబ్బలు. పలుగు పట్టిన చేతులివి, రేపైనా కష్టపడే తింటాం, నీ సొమ్ము మాకొద్దన్నారు. వచ్చే పంట కూడా పోతే ఎలాగూ చస్తాం, చచ్చేదేదో ఏసు మనుషులుగా చస్తామన్నారు.

దొర దగ్గర ఇక జవాబు లేదు.

ఊరివారీగా పేర్లు రాశారు. ఒక్కొక్కరి సంగతీ బోధకుల్ని అడిగి తెలుసుకున్నారు. జులై 2న 614 మంది నీళ్లలోకి దిగారు. మర్నాడు తెల్లారేసరికి ఒడ్డున నేల ఈనినట్టు జనం.

నీళ్లలో నిలబడింది దొర కాదు. ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరు దిగుతారు, వాళ్లు అలిసిపోతే మరో ఇద్దరు. గట్టు మీద పేరు పిలుస్తారు, మనిషి దిగుతాడు, మునుగుతాడు, లేస్తాడు. మళ్లీ పేరు. మిట్టమధ్యాహ్నం కాసేపు ఆపారు. ఎండ వాలగానే మళ్లీ మొదలు. సాయంత్రానికి లెక్క తేల్చారు: 2,222.

జులై 4న మరో 700. మూడు రోజులకి మొత్తం 3,536.

కూటి కోసం కలిశారన్న నింద తప్పలేదు. ఆ నింద వేసినవాళ్లెవరూ ఆ పదిహేను నెలల లెక్క అడగలేదు.