దీర్ఘాయుష్షు విందు

ఇంటాయన గుండె పట్టుకున్నాడంటే డాక్టరు దగ్గరికి పరుగెడతాం, దేవుడికి ముడుపు కడతాం. ఆ జబ్బు ఏళ్ళ తరబడి మన వంటింట్లోనే పెరుగుతూ ఉండవచ్చని మాత్రం తోచదు. అది కనిపెట్టి దిద్దుకున్న కొందరు ఇల్లాళ్ళ కథ ఈవేళ చెప్పుకుందాం.

ఫిన్లాండు దేశంలో, రష్యా సరిహద్దున ఉత్తర కరేలియా అనే ప్రాంతం ఉంది. అడవులు, సరస్సులు, పాడి. మగవాళ్ళు చెట్లు కొట్టి, పొలాల్లో ఒళ్ళు వంచి పనిచేసేవాళ్ళు. అలాంటివాళ్ళకి గుండెజబ్బేమిటి అంటారా? 1970 ప్రాంతంలో ఆ జబ్బుతో నడివయసులోనే పోయే మగవాళ్ళు ప్రపంచంలోకెల్లా అక్కడే ఎక్కువ. 1971లో అక్కడివాళ్ళు ‘మాకేదైనా దారి చూపండి’ అని ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నారు.

మరుసటేడు, 1972లో, పెక్కా పుస్కా అనే యువ డాక్టరు నాయకత్వంలో పని మొదలైంది. తీరా చూస్తే రొట్టె మీద మందంగా వెన్న, మీగడ పాలు, కొవ్వు మాంసం, అన్నిట్లోనూ ఉప్పు. పైగా సగంమంది మగవాళ్ళు సిగరెట్లు కాల్చేవాళ్ళు. కొవ్వు రక్తనాళాల్లో పేరుకుంటుంది, ఉప్పు రక్తపోటు పెంచుతుంది. కూరగాయలంటేనా, అవి కుందేళ్ళ మేత అని మగవాళ్ళు ఎగతాళి చేసేవారట!

డాక్టర్ల ఉపన్యాసాలతో ఇది మారేదేనా? అందుకే వాళ్ళు 1899లో పుట్టిన మార్తా అనే గృహిణుల సంఘం సాయం అడిగారు. ఆ ఇల్లాళ్ళు ఊరూరా ‘దీర్ఘాయుష్షు విందులు’ పెట్టారు. తాతల నాటి మాంసం పులుసునే కొవ్వూ ఉప్పూ తగ్గించి, దుంపలూ కూరలూ చేర్చి వండారు. అందరూ కలిసి తిన్నారు. రుచి నచ్చాక మాట తలకెక్కింది.

పాడి రైతులు మొదట్లో మండిపడ్డారు. తర్వాత కొందరు పళ్ళ తోటలకి మళ్ళారు. పొగతాగడం తగ్గింది, రక్తపోటుకి పరీక్షలూ మందులూ అందాయి. అన్నీ కలిసి సుమారు 35 ఏళ్ళలో పనిచేసే వయసు మగవాళ్ళలో గుండెజబ్బు చావులు 80 శాతానికి పైగా తగ్గాయి.

మన ఊరగాయలూ, అప్పడాలూ, మజ్జిగ మిరపకాయలూ తలుచుకోండి మరి! మనిషికి రోజు మొత్తానికి 5 గ్రాముల లోపు, అంటే చిన్న చెంచాడు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రేపటి పప్పులో ఒక్క చిటికెడు తగ్గించి చూడండి. ఇంట్లోవాళ్ళు మొదట మూతి విరుస్తారు. కరేలియాలోనూ విరిచారండీ!