తుపాకీల సీటు జ్ఞాపకాలు



ప్రత్యేక సంచికకు చరిత్ర విషయమేదైనా వ్రాయమని మన కార్యదర్శిగారు కోరారు. ఏలూరు చరిత్ర, కొల్లేరు చరిత్ర నాకంటే బాగా వ్రాయగల పెద్దలు మనలో ఉన్నారు. రెవిన్యూ శాఖలో కొన్నేళ్లు ఆయుధ లైసెన్సుల సీటు చూసినవాణ్ణి గనుక, నేను పిస్తోలు కథ వ్రాస్తున్నాను.

మనవాళ్లు రివాల్వరునూ పిస్తోలునూ ఒకటే అనుకుంటారు. రివాల్వరులో గుండ్లు తిరిగే చక్రంలో ఉంటాయి. పిస్తోలులో పిడిలో దూర్చే మ్యాగజైనులో ఉంటాయి. ఒక గుండు పేలగానే ఆ విసురుకే పైభాగం వెనక్కు జరిగి ఖాళీ తొడుగును బయట పడేస్తుంది. స్ప్రింగు దాన్ని ముందుకు నెట్టేటప్పుడు మరో గుండు గొట్టంలోకి ఎక్కుతుంది. ట్రిగ్గరు నొక్కినప్పుడల్లా ఒక్కటే పేలుతుంది గనుక ఇది సెమీ ఆటోమేటిక్.

1893లో జర్మనీలో బోర్చార్ట్ పిస్తోలు, 1896లో మౌజరు వచ్చాయి. జాన్ బ్రౌనింగ్ అనే అమెరికన్ దీన్ని జేబులో పట్టే వస్తువుగా మార్చాడు. మన లైసెన్సుల్లో కనిపించే .32 బోరు గుండు ఆయన చలవే. 1911లో అమెరికా సైన్యం తీసుకున్న .45 కోల్టు కూడా ఆయన రూపకల్పనే. 1985లో బెరెట్టాను ఎంపిక చేసేదాకా అదే వారి సైనిక పిస్తోలు.

మన స్వాతంత్ర్య చరిత్రలోనూ దీనికి చోటుంది. 1914 ఆగస్టులో కలకత్తాలో రొడ్డా కంపెనీకి వచ్చిన 50 మౌజరు పిస్తోళ్లను విప్లవకారులు మాయం చేశారు. 1931 ఫిబ్రవరి 27న ఆజాద్ చేతిలో ఉన్న కోల్టు అలహాబాదు మ్యూజియంలో ఉంది. మన అల్లూరికి ఆ భోగం లేదు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాల నుంచి పోలీసు తుపాకులు పట్టుకెళ్ళి పోరాడవలసి వచ్చింది. 1878 నాటి ఆయుధ చట్టం మనవారి చేతులు కట్టేసిన కాలమది.

1959 చట్టం వచ్చాక కూడా 9 ఎం.ఎం. వంటివి సామాన్యులకు నిషిద్ధం. అందుకే మోతుబరులకు దొరికింది .32 బోరే. విదేశీ దిగుమతులు ఆగిపోయాక పాత వెబ్లీ, కోల్టులకు గిరాకీ విపరీతంగా పెరిగింది. రెన్యువలుకు వచ్చిన పెద్దమనిషి మఖమల్ గుడ్డ విప్పి, నల్లగా నిగనిగలాడే ఆ ఇనుమును బల్లమీద పెడితే మేమందరం ఫైళ్లు వదిలి చూసేవాళ్లం. దసరాకు ఖాతా పుస్తకాల పక్కన పెట్టి పూజ చేస్తామని చెప్పేవారు. నిజం చెప్పాలంటే నాకూ ముచ్చటగానే ఉండేది.

ఆ ముచ్చట ఒక్క రోజుతో తీరిపోయింది. తండ్రి పోయిన ఒక అబ్బాయి ఆయన పిస్తోలును తువ్వాలులో చుట్టి తెచ్చాడు. "గుండ్లు తీసేశానండి, ఖాళీ" అని మ్యాగజైను విడిగా బల్లమీద పెట్టాడు. రిజిస్టరుతో సరిచూద్దామని, "నంబరేదీ, ఇటు తిప్పు బాబూ" అన్నది నేనే. తిప్పాడు. పేలింది. టీ గ్లాసులు పట్టుకుని లోపలికి వస్తున్న అటెండరు తలకు జానెడు దూరంలో ద్వారబంధంలో దిగింది గుండు. గ్లాసులన్నీ కిందపడ్డాయి. ఆయన మాత్రం నిలబడే ఉన్నాడు, మాట లేదు. మ్యాగజైను తీసినా, గొట్టంలో ఎక్కిన గుండు అక్కడే ఉంటుందన్న సంగతి ఆ అబ్బాయికీ తెలియదు, అన్నేళ్లు ఆ సీటులో కూర్చున్న నాకూ తోచలేదు. బోర్లు, నంబర్లు కంఠస్థం చేసినవాణ్ణి, అసలు విషయం నేర్చుకోలేదు. ఆ అటెండరు రిటైరయ్యేదాకా ఆయన చేతి టీ తాగినప్పుడల్లా నాకు సిగ్గుగానే ఉండేది.

అందుచేత ఒక మనవి. మీ ఇళ్లలో తాతల నాటి ఆయుధం ఉంటే పిల్లల చేత ముట్టనివ్వకండి. లైసెన్సుదారు కాలం చేస్తే బీరువాలో దాచవద్దు. ఆలస్యం చేయక పోలీసులకు తెలిపి, ఠాణాలోగాని లైసెన్సున్న డీలరు వద్దగాని జమచేసి రశీదు తీసుకోండి. లైసెన్సు తండ్రి పేరున ఉన్నది, కొడుక్కు దానంతటదే రాదు. వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. 2019 సవరణతో ఒకరికి మూడు ఆయుధాల పరిమితి రెండుకు తగ్గింది, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లయింది.

పెన్షను కాగితాలతోపాటు ఆ లైసెన్సు కాగితం కూడా ఎక్కడున్నదో ఇంట్లోవారికి చెప్పి ఉంచండి. మనం పోయాక వాళ్లు చిక్కుల్లో పడకూడదు. సెలవు.