సర్వర్ పోయింది, బ్యాకప్ ఉంది, తాళంచెవి ఏది?

దాడుల బాధితుల వాంగ్మూలాలు, ఎఫ్‌ఐఆర్ నకళ్లు దాచుకున్న మా సర్వర్ డిస్క్ పాడైంది. బ్యాకప్ వేరేచోట ఉంది కదా అని ధైర్యంగానే ఉన్నాం. కానీ అది ఎన్‌క్రిప్ట్ చేసినది. ఊళ్లో సాక్షుల పేర్లు బయటపడితే ఏమవుతుందో తెలిసినవాళ్లం, తాళం వేయకుండా ఎలా ఉంచుతాం?

మేం వాడే బోర్గ్ సాఫ్ట్‌వేర్‌లో ‘రిపోకీ’ పద్ధతి ఎంచుకుంటే తాళంచెవి బ్యాకప్‌లోనే ఉంటుంది. పాస్‌ఫ్రేజ్ తెలిస్తే చాలు. ‘కీఫైల్’ పద్ధతిలో తాళంచెవి బ్యాకప్ తీసిన యంత్రంలో ఉంటుంది. మాది రెండోది. అంటే పాస్‌ఫ్రేజ్ నోటికి వచ్చినా ఉపయోగం లేదు.

ఒక సహచరురాలు గతంలో ‘బోర్గ్ కీ ఎక్స్‌పోర్ట్’ ఆదేశంతో తాళంచెవిని కాగితం మీద అచ్చు తీసి ఇంట్లో బీరువాలో పెట్టింది. అప్పుడు నవ్వాం కూడా. ఆ కాగితమే దిక్కయింది.

ముందు బ్యాకప్‌కు ఇంకో నకలు తీసుకుని, దాని మీదే పని చేశాం. కొత్త యంత్రంలో బోర్గ్ వేసి, ‘కీ ఇంపోర్ట్’తో కాగితంలోని అక్షరాలను చేత్తో కొట్టాం. వరుసవరుసకూ సరిచూసే అంకెలు ఉంటాయి కాబట్టి తప్పు కొడితే అక్కడే చెబుతుంది. తర్వాత ‘లిస్ట్’తో ఏమేం ఉన్నాయో చూసి, ‘ఎక్స్‌ట్రాక్ట్’తో ఖాళీ ఫోల్డర్‌లోకి దించాం.

ఆ కాగితం పరాయివాళ్లకు దొరికినా పాస్‌ఫ్రేజ్ లేనిదే తెరుచుకోదు. అందుకే రెండూ ఒకే ఇంట్లో ఉంచడం లేదు. పాస్‌ఫ్రేజ్ ఇప్పుడు ఇద్దరికి తెలుసు. కాగితం మూడో మనిషి దగ్గర ఉంది.