మౌలాలీ గుర్రాలు, మద్రాసు డిటెక్టివులు

హైదరాబాద్‌లో మెట్టుగూడకు కొద్ది మైళ్ల దూరంలోని మౌలాలీ ఒకప్పుడు గుర్రప్పందేల చోటు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ హయాంలో, 1886లో, పందేలు మలక్‌పేటకు మారాయి. 1896లో బెంగళూరు నుంచి వచ్చిన బ్రిటిష్ అశ్వదళం హుస్సార్ల పోలో జట్టు నిజాం గోల్కొండ బ్రిగేడ్‌ను ఓడించి కప్పు పట్టుకుపోయింది. ఆ జట్టులో యువ సైనికాధికారి చర్చిల్ ఉన్నాడు. ఇంగ్లండులో ఇలాంటి లోకం నుంచే ఒక నవలాశాఖ పుట్టింది. 1892లో కానన్ డాయిల్ మాయమైన పందెపు గుర్రాన్ని హోమ్స్ చేత వెతికించాడు, 1899లో హార్నంగ్ పేరున్న క్రికెటరునే దొంగను చేసి పుస్తకం తెచ్చాడు, 1962లో మాజీ జాకీ డిక్ ఫ్రాన్సిస్ తొలి రేసు నవల రాశాడు. మన అపరాధ పరిశోధక నవలలో ఆ శాఖ వేళ్లూనలేదు. ఇందులో పాఠకుల తప్పేమీ లేదు. ఆట ఒక భాషలో, నవల మరో భాషలో, అదీ వేర్వేరు ఏలుబడుల్లో పెరగడమే అసలు కారణం.

తెలుగు పుస్తకాలు ప్రచురించిన విజ్ఞాన చంద్రికా మండలి 1906లో నిజాం హైదరాబాద్‌లోనే పుట్టినా 1908కల్లా బ్రిటిష్ ఏలుబడిలోని మద్రాసు చేరింది. తెలుగు అచ్చుకు ఆదరువు అక్కడే దొరికింది. హైదరాబాద్‌లో మాత్రం, తార్నాక పక్కన 1939లో ఆర్ట్స్ కాలేజీ భవనం తెరుచుకున్న ఉస్మానియా ప్రాంగణంలో చదువు సాగింది ఉర్దూలో. నవాబుల ఆట ముచ్చట్లు ఉర్దూలో, కంటోన్మెంటు క్లబ్బుల కబుర్లు ఇంగ్లీషులో నడిచాయి. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ మాత్రం మద్రాసు వీధుల్లో నేరస్థులను వెంటాడాడు.

డిటెక్టివ్ నవలలు చదివే గుమాస్తాలకూ విద్యార్థులకూ నవాబుల ఆటలతో పనేముందని అడగవచ్చు. డిక్ ఫ్రాన్సిస్‌ను చదివినవాళ్లలో గుర్రాలున్నవాళ్లు ఎందరు? జమీందారు బంగళాలో హత్యను ఆత్రంగా చదివిన తెలుగు పాఠకుడు గుర్రపుశాలలో కుట్రనూ చదివేవాడు. మద్రాసులో గిండీ రేసులు ఉండేవి కదా అనడం మరింత బలమైన అభ్యంతరం. నిజమే, కానీ గ్యాలరీలో పందెం కాసేవాడికి గెలుపోటములే కనిపిస్తాయి. గుర్రం కాలి వాపు, జాకీ బరువు, యజమాని అప్పు లోపలివాడికే తెలుస్తాయి. ఉత్కంఠ పుట్టేది అక్కడే. డిక్ ఫ్రాన్సిస్ బలమంతా ఆ లోపలి చూపే. మనకు అలాంటి జాకీ రచయిత దొరకలేదు.

1956లో తెలుగు రాష్ట్రానికి హైదరాబాదే రాజధాని అయింది, మరి అప్పుడైనా రాయలేదేమనే ప్రశ్న మిగులుతుంది. అప్పటికే ఆలస్యమైంది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, గుర్రాలను మేపిన రాబడులు తెగిపోయాయి. రేసులు అంతటితో అంతరించలేదు గానీ, తెలుగు రచయిత నగరానికి వచ్చేసరికి ఆ పాత నవాబుల ఇళ్ల గుట్లు తెలిసినవాళ్లు చెదిరిపోయారు.